మావయ్య చెరువులో పచ్చ, నా ట్యాంకులో పాచి

మా మావయ్యకి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. నాకు హైదరాబాద్‌లో, మూడో అంతస్తు ఫ్లాట్ హాల్లో, చేపలూ మొక్కలూ ఉన్న రెండడుగుల గాజు ట్యాంకు, అంటే అక్వేరియం, ఉంది. ఆయన నీళ్ళు పచ్చబడటానికి డబ్బు ఖర్చు పెడతాడు, నేను ఆ పచ్చదనం పోవడానికి. ఒక సంక్రాంతికి భోజనాల దగ్గర ఈ సంగతి బయటపడింది. మావయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని నవ్వాడు.

"మేం బస్తాలు పోసి తెప్పించుకునేదాన్ని నువ్వు సీసా మందు పోసి చంపుతున్నావామ్మా?"

నాకు ఉక్రోషం వచ్చింది. ఎందుకంటే ఆ సీసా మందు పోసి అప్పటికి పది రోజులే అయింది, దాని దెబ్బకి నియాన్ టెట్రాలనే చిన్న చేపలు ఆరు, ఉన్న రొయ్యలన్నీ పోయాయి.

ముందు మాటల సంగతి ఒకటి చెప్పాలి. మనకి నాచు, పాచి, పాకుడు అని మూడు మాటలున్నాయి గానీ వాడేటప్పుడు అన్నీ కలిపేస్తాం. బావి మెట్ల మీద కాలు జారేది పాకుడు. నిలవనీళ్ళ మీద తెట్టులా కట్టేది పాచి. నాచు అంటే మాత్రం రెండర్థాలు: కంటికి ఆనని శైవలాలూ (ఆల్గే) నాచే, చెరువు అడుగున వేళ్ళూ కాడలూ ఆకులతో పెరిగే హైడ్రిల్లా లాంటి అసలు మొక్కలూ నాచే. మా ఊళ్ళో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. కానీ అక్వేరియం గొడవంతా ఈ రెండో నాచుకీ మొదటి నాచుకీ మధ్య జరిగే తగువే. ఇక్కడ నుంచి నేను పాచి అంటే మొదటిది, మావయ్య చెరువులో పచ్చ కూడా అదే. మొక్క అంటే రెండోది.

నా ట్యాంకు కొలత 24, 12, 12 అంగుళాలు. లెక్క కడితే 56 లీటర్లు. మట్టి, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 లీటర్ల నీళ్ళు పడతాయి. పెట్టిన మొదటి నెలలో గోధుమరంగు పొడి అన్నిటి మీదా పరుచుకుంది. అవి డయాటమ్‌లనే ఒకరకం పాచి, కొత్త ట్యాంకుల్లో మామూలే, వాటంతటవే పోతాయి, పోయాయి. రెండో నెలలో అద్దం మీద గట్టి పచ్చ చుక్కలు మొదలయ్యాయి, గోటితో గీకినా రావు, పాత ఏటీఎం కార్డు పెట్టి గీకాలి. ఆ తర్వాత జుట్టులాంటి పీచు. వాడేసిన టూత్‌బ్రష్ దూర్చి తిప్పితే ఫోర్కుకి సేమ్యా చుట్టుకున్నట్టు వచ్చేది. ఆదివారం తీస్తే గురువారానికి మళ్ళీ అంతే ఉండేది.

షాపతను ఇచ్చిన సలహాలు రెండు. ఒకటి సక్కర్ చేప. "ట్యాంకు మొత్తం క్లీన్ చేసేస్తుంది మేడమ్" అన్నాడు. రెండు అంగుళాల పిల్ల, చారలతో ముద్దుగా ఉంది. అది అడుగుకు పైగా పెరిగే చేప అని అతను చెప్పలేదు, నేను అడగలేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతిని పెంచలేక జనం చెరువుల్లో, కాలవల్లో వదిలేశారు. మా వైపు దెయ్యం చేప అంటారు. వల చింపుతుంది, తినడానికి పనికిరాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్ళలో దొరికే డీఎన్‌ఏ ఆనవాళ్ళతో వెతికితే తూర్పు కనుమల జలవనరుల్లో చాలాచోట్ల ఇది ఉన్నట్టు తేలింది. నా ట్యాంకులో అది చేసిన పని పాచి తినడం కన్నా మొక్కలు పెకలించడం, కుప్పలుగా రెట్ట వెయ్యడం. ఎరువు వేసే పనివాణ్ణి నేనే కొని తెచ్చుకున్నానన్నమాట. షాపులో తిరిగి ఇచ్చేశాను. ఇంకొకరికి అమ్మి ఉంటాడు.

రెండో సలహా సీసా మందు. శుక్రవారం రాత్రి మూత కొలత ప్రకారం పోశాను. శనివారం సాయంత్రానికి పీచు తెల్లబడి రాలిపోయింది, నీళ్ళు తళతళలాడాయి, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టాను. ఆదివారం పొద్దున లైటు వేసేసరికి టెట్రాలు నీటి అంచున నోళ్ళు తెరుస్తున్నాయి, రొయ్యలు పక్కకి ఒరిగి గులాబిరంగు తిరిగాయి. సీసా వెనక అట్ట మీద చీమ తలంత అక్షరాల్లో రాగి ఉందని రాసి ఉంది. రాగి రొయ్యలకి విషం. చేపలకి మాత్రం ఊపిరాడలేదు. చచ్చిన పాచి కుళ్ళుతూ నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌ని తినేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అచ్చంగా అదే.

ఇదంతా విని మావయ్య ఆశ్చర్యపోలేదు. "మబ్బు పట్టినప్పుడు మా చెరువులో ఒక్కోసారి పచ్చంతా ఒకేసారి చచ్చిపోద్ది. తెల్లారేసరికి బొచ్చె చేపలు తేలిపోతాయి. మేం నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఎందుకు పెట్టుకున్నామనుకున్నావ్?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చెరువు మీదకి తీసుకెళ్ళాడు. అక్కడ చూసినదానికి అర్థం నాకు నాలుగు నెలల తర్వాత గానీ తట్టలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గట్టు మీద వంగి, అరచెయ్యి చాపి మోచేతి దాకా నీళ్ళలో ముంచాడు. నీళ్ళు మోచేతికి తగిలేసరికి అరచెయ్యి అప్పుడప్పుడే మాయమైతే పచ్చ సరిపోయినట్టు. మోచెయ్యి మునిగినా అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తుంటే పేడ, సూపర్ ఫాస్ఫేట్, యూరియా వెయ్యాలి. ముంజేయి సగం మునగకుండానే చెయ్యి మాయమైతే ఎరువు ఆపాలి. ఆ పచ్చని తినే చిన్న పురుగుల్ని బొచ్చె తింటుంది, శీలావతి పచ్చనే తింటుంది. దాణా ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది.

గట్టు పక్కన గుర్రపు డెక్క, ముద్దలుగా లాగిపడేసిన హైడ్రిల్లా కుప్పలు పోసి ఉన్నాయి. ఎందుకు తీయించావని అడిగాను. "అది ఉంటే మనమేసిన ఎరువు అదే తినేస్తదమ్మా. నీళ్ళకి పచ్చ రాదు. ముందు కలుపు తియ్యాలి, ఆ తర్వాతే ఎరువు."

మంచి ఎండ, నిండుగా ఎరువు, మొక్క అనేది లేకుండా చెయ్యడం. పచ్చనీళ్ళు తయారుచేసే పద్ధతి ఈ మూడే. దాన్ని తిరగేస్తే నాకు కావాల్సిన జవాబు వచ్చేస్తుంది. నేను తిరగెయ్యలేదు. హైదరాబాద్ వచ్చి, ఇంటర్నెట్ అంతా చదివి, ఎరువు ఒక్కటే ఆపేశాను.

పాచి సమస్య అని ఎక్కడ వెతికినా ముందు వచ్చే మాట అదే: పోషకాలు ఎక్కువయ్యాయి, తగ్గించండి. చేపలకి మేత రోజు విడిచి రోజు వెయ్యండి, మొక్కలకి ఎరువు ఆపండి, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి తీసుకురండి. రెండు నెలలు అలాగే చేశాను. వాలిస్‌నేరియా పాత ఆకులు పసుపుబారాయి. జావా ఫెర్న్ ఆకులకి సన్న చిల్లులు పడ్డాయి. పాచి తగ్గలేదు సరికదా, సరిగ్గా ఆ పసుపుబారిన ఆకుల మీదకే చేరింది. పచ్చ చుక్కలైతే అద్దాన్ని మొత్తం కప్పేశాయి.

పాచిది ఒక కణం, మహా అయితే ఒక పోగు. దానికి కావాల్సింది చిటికెడులో చిటికెడు. మొక్కకి వేరు కట్టాలి, కాడ కట్టాలి, ఆకు కట్టాలి. చేపలున్న ట్యాంకులో రోజూ పడే మేత, వచ్చే రెట్ట పాచి బతకడానికి సరిపోతాయి, మొక్క పెరగడానికి సరిపోవు. ఇద్దర్నీ పస్తు పెడితే ముందు పడిపోయేది ఎక్కువ తినేవాడే. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

ఈ తగువు కొత్తదేం కాదు. 1990లలో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు, మొక్కలకి ఫాస్ఫేట్ తప్ప మిగతావన్నీ కడుపునిండా ఇవ్వండి, ఆ ఫాస్ఫేట్ కోసం పోటీ పడి మొక్కలే పాచిని ఓడిస్తాయి అన్నారు. గమనించండి, వాళ్ళు కూడా పస్తు పెట్టమనలేదు, ఒక్కటి మాత్రం తగ్గించమన్నారు. తర్వాత అమెరికాలో టామ్ బార్ అనే ఆయన ఫాస్ఫేట్ కూడా ధారాళంగా వేసి, మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకులో దానివల్ల పాచి రాదని వాదించాడు. అన్నీ కాస్త ఎక్కువగానే వేసి, వారం చివర సగం నీళ్ళు మార్చెయ్యడం ఆయన పద్ధతి.

దీనికి ఎదురు సాక్ష్యం గట్టిదే ఉంది. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఒక సరస్సుని మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసింది. రెండు వైపులా నత్రజని, కర్బనం వేశారు, ఒక్క వైపే ఫాస్ఫరస్ కలిపారు. ఆ వైపు మాత్రమే పచ్చబడింది. ఆ ఫోటో చూసినవాళ్ళు ఇక ఫాస్ఫేట్ అంటే భయపడతారు, అందులో తప్పులేదు. ట్యాంక్‌బండ్ మీద ఎండాకాలం సాయంత్రం ముక్కు మూసుకున్న ఎవరికైనా మురుగు మోసుకొచ్చే పోషకాలు హుస్సేన్‌సాగర్‌ని ఏం చేశాయో విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి టామ్ బార్ ట్యాంకు ఎందుకు పచ్చబడలేదు? నెదర్లాండ్స్‌కి చెందిన మార్టెన్ షెఫర్ లోతు తక్కువ సరస్సుల మీద చెప్పిన మాట దగ్గర నాకు చిక్కుముడి విడింది. అలాంటి సరస్సు ఒకే మోతాదు పోషకాలతో రెండు రకాలుగా ఉండగలదు: అడుగంతా మొక్కలతో తేటగా, లేదా మొక్కలు పోయి పచ్చగా. ఏ స్థితిలో ఉంటే అక్కడే నిలబడటానికి చూస్తుంది. తేటగా ఉంటే వెలుగు అడుగుదాకా వెళ్ళి మొక్కలు పెరుగుతాయి, మొక్కలు పెరిగితే నీళ్ళు ఇంకా తేటగా ఉంటాయి. పచ్చబడితే కింద చీకటి, చీకటిలో మొక్క చస్తుంది, చచ్చినకొద్దీ ఇంకా పచ్చబడుతుంది. పోషకాలు మరీ పెరిగితే తేటనీరు నిలవదు, అది నిజమే. కానీ మధ్యలో చాలా దూరం వరకు, ఎన్ని పోషకాలున్నాయన్నది కాదు, వాటిని ఎవరు తింటున్నారన్నదే లెక్క.

మావయ్య గట్టు మీద కుప్ప పోసింది ఇదే కదా! ఆయన చెరువుని తేట స్థితి నుంచి పచ్చ స్థితికి చేత్తో తోస్తున్నాడు. నేను ఎరువు ఆపి, మొక్కల్ని ఎండగట్టి, తెలియకుండా అటే తోస్తున్నాను.

కాబట్టి నా వాదన ఇది. పాచిని చంపే పని మానేసి మొక్కలు పెంచే పని చెయ్యాలి. మొక్కలకి తిండి పెంచాలి, వెలుగు తగ్గించాలి. రెండోది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. మొక్కలకి వెలుగు కావాలి కదా, తగ్గించడమేంటి?

ఇక్కడ కర్బనం లెక్క వస్తుంది. మామూలు నీళ్ళలో గాలి నుంచి కరిగే కార్బన్ డై ఆక్సైడ్ లీటరుకి అర మిల్లీగ్రాము పైచిలుకు, అంతే. సిలిండర్ పెట్టుకున్నవాళ్ళు దాన్ని 20-30 దాకా తీసుకెళ్తారు. పైగా ఆ వాయువు గాలిలో కంటే నీళ్ళలో పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అంటే సిలిండర్ లేని నా ట్యాంకులో మొక్కకి పిండి కొంచెమే ఉంది. గరిటెడు పిండి వేసి పొయ్యి పెద్దమంట పెడితే దోసె పెద్దది కాదు, మాడుతుంది. మొక్క వాడుకోలేక మిగిల్చిన వెలుగు పాచి వాటా అవుతుంది.

సిలిండర్ ఖరీదు చూసి, ఆ వాయువు ఇంట్లోనే తయారుచేద్దామని నేను పంచదార సీసా ప్రయోగం కూడా చేశాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో పంచదార నీళ్ళు, బేకరీ ఈస్ట్, మూతకి సెలైన్ గొట్టం. ఏప్రిల్ ఎండలకి మూడు రోజులు బుడబుడమని పొంగింది, ఐదో రోజుకి చప్పబడింది, హాలంతా కల్లు కాంపౌండ్ వాసన. మా ఆయన ఒక్క మాట కూడా అనకుండా కిటికీలు తెరిచేవాడు. ఆ వాయువు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడం వల్లే నల్లగడ్డం పాచి వచ్చిందని నా నమ్మకం. ఆకు అంచున నల్లటి కుచ్చులా పట్టే రకం అది, పేరుకి నల్లదే గానీ ఎర్ర శైవలాల జాతి. చాలామంది అనుభవం కూడా అదే. సీసా తీసేశాను.

లైటు పది గంటలు వెలిగేది. ప్లగ్గులో పెట్టే టైమర్ కొని ఆరు గంటలకి తెచ్చాను, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా. మేం ఇంట్లో ఉండేది అప్పుడే, చూసుకునేదీ అప్పుడే. పడమటి కిటికీ నుంచి ట్యాంకు పక్క అద్దం మీద గంటన్నర ఎండ పడుతోందని అన్నాళ్ళూ నేను గమనించనే లేదు. ఆ పక్కన నల్ల చార్టు పేపరు అతికించాను. దీనికైన ఖర్చు పది రూపాయలు. మొత్తం వైద్యంలో ఎక్కువ పనిచేసింది ఇదేనేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

తిండి కోసం అక్వేరియం షాపుకి వెళ్ళలేదు, ఎరువుల దుకాణానికి వెళ్ళాను. డ్రిప్ సేద్యానికి వాడే నీళ్ళలో కరిగే ఎరువుల్ని అక్కడ అంకెలతోనే పిలుస్తారు. "పదమూడు సున్నా నలభై ఐదు ఒకటి, సున్నా యాభై రెండు ముప్పై నాలుగు ఒకటి" అంటే, "ఎన్ని ఎకరాలమ్మా?" అన్నాడు కొట్టాయన. రెండడుగులు అని చెప్పడానికి సిగ్గేసి, కుండీలకి అన్నాను. మొదటిది పొటాషియం నైట్రేట్, రెండోది మోనో పొటాషియం ఫాస్ఫేట్. చెరో కిలో. నా జీవితకాలానికి సరిపోతాయి.

మోతాదు తలకెక్కేదాకా కాస్త టెన్షనే. పొటాషియం నైట్రేట్‌లో 61 శాతం నైట్రేట్. ఒక గ్రాము 45 లీటర్లలో కలిపితే నైట్రేట్ సుమారు 13.5 పీపీఎం, అంటే లీటరుకి 13.5 మిల్లీగ్రాములు. నేను అర గ్రాము చొప్పున వారానికి రెండుసార్లు వేస్తాను. ఫాస్ఫేట్ అందులో పదో వంతు లోపే. నగల కొట్టు త్రాసులాంటి చిన్న డిజిటల్ త్రాసు తప్పనిసరి, చెంచా కొలతలు వద్దు. సూక్ష్మ పోషకాలు విడిగా చిటికెడు. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చడం, ఆ నీళ్ళు ముందురోజు బకెట్లలో పట్టి క్లోరిన్ పోయేలా ఉంచడం మామూలే. ఫాస్ఫేట్ వెయ్యడం మొదలుపెట్టిన మూడు వారాలకి అద్దం మీద కొత్త పచ్చ చుక్కలు ఆగిపోయాయి. ఫాస్ఫేట్ వల్లే పాచి వస్తుందని రెండు నెలలు పస్తు పెట్టినదాన్ని నేనే.

అసలు మలుపు అంతరతామరతో వచ్చింది. నర్సరీలో నీటికుండీ పక్కన గుప్పెడు ఊరికే ఇచ్చారు. నీళ్ళ మీద తేలే మొక్కకి రెండు సుఖాలు: పైనున్న గాలి నుంచి కర్బనం నేరుగా తీసుకుంటుంది, వెలుగుకి కూడా అందరికన్నా దగ్గరగా ఉంటుంది. నీళ్ళలో మునిగిన మొక్కకి ఉన్న కర్బనం కరువు దానికి లేదు. కాబట్టి నీళ్ళలోని నైట్రేట్‌ని అది లాగేస్తుంది, పైగా కింద నీడ పరుస్తుంది. మూడు వారాల్లో ట్యాంకు సగం కప్పేసింది, వేళ్ళు కుచ్చుల్లా కిందికి దిగాయి, కొత్తగా తెచ్చిన రొయ్యలు వాటికి వేలాడుతూ తింటుంటాయి. పీచు పాచి టూత్‌బ్రష్‌కి దొరకడం మానేసింది.

టైమర్, చార్టు పేపరు, ఎరువు, అంతరతామర అన్నీ ఒక నెలలోనే మార్చావు కదా, ఏది పనిచేసిందో ఎలా తెలుసని ఎవరైనా అడిగితే, నాలుగిట్లో ఏదో విడిగా ప్రమాణం చెయ్యలేను. కానీ ఒక్కటి పరీక్షించాను. వేసవి సెలవులకి చుట్టాలొస్తున్నారని, అందంగా కనబడాలని, అంతరతామర మొత్తం తీసేశాను. మిగతావేమీ మార్చలేదు. పదహారో రోజుకి ఫిల్టరు గొట్టం మీద పీచు మొదలైంది. మళ్ళీ వేశాక నెల లోపు పోయింది. ఒక్క ట్యాంకులో ఒక్కసారి చేసిన పరీక్ష ఇది, అంతకుమించి బరువు దీనిమీద పెట్టను. ఇంకో మాట, ఈ మొక్కని కాలవలో, చెరువులో మాత్రం పారెయ్యకండి. మిగిలింది ఎండబెట్టి కుండీల్లో వేస్తే మంచి ఎరువు. సక్కర్ చేప కథ ఇంకోటి మనకొద్దు.

చంపడం అసలే వద్దా అంటే, ఒక్క నల్లగడ్డానికి మాత్రం మినహాయింపు ఇస్తాను. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతంది దొరుకుతుంది. దానికి అంతే నీళ్ళు కలిపి, ఫిల్టరు ఆపి, సూది తీసేసిన సిరంజితో ఐదు మిల్లీలీటర్లు సరిగ్గా ఆ కుచ్చు మీద వదిలి పది నిమిషాలు ఆగుతాను. సన్న బుడగలు లేస్తాయి. రెండు రోజులకి నల్లది గులాబిరంగుకి తిరుగుతుంది, దాని అసలు జాతి అప్పుడు బయటపడుతుంది. తర్వాత రొయ్యలు తినేస్తాయి. నీళ్ళు నీలిపచ్చ జిగురుతో కుళ్ళు వాసన వస్తే మాత్రం అది పాచి కాదు, సైనోబ్యాక్టీరియా అనే ఒకరకం బ్యాక్టీరియా. దానికి చేత్తో తీసెయ్యడం, నీళ్ళు మార్చడం, దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచడం. ఆ చీకటి పద్ధతి పచ్చనీళ్ళకి కూడా పనిచేస్తుంది. అయితే దుప్పటి తీశాక వెలుగు, తిండి పాత పద్ధతిలోనే ఉంటే పదిరోజుల్లో తిరిగొస్తుంది.

ఈ దసరాకి మావయ్య ఏదో పనిమీద హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగాడు. టీ కప్పు కింద పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, నేను వద్దనేలోపే ట్యాంకులో చెయ్యి పెట్టాడు. వేళ్ళు మట్టికి తగిలాయి. చేతి రేఖలు కూడా కనిపిస్తున్నాయి.

"ఇందులో మేతేం లేదమ్మా" అన్నాడు, నిజంగానే బెంగగా.

చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను. ఆయన ముంజేతికి అంతరతామర పిల్ల ఒకటి అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి, వెనకా ముందూ తిప్పి చూసి, "దీన్ని మేం కూలికి పెట్టి తీయిస్తాం" అంటూ మళ్ళీ నీళ్ళలోనే వేశాడు.